ముత్తాత వీలునామా దొరకడం లేదా? బ్రిటిషు కాలపు ప్రొబేటు రికార్డులు: సమస్య - కారణం - పరిష్కారం

వంశవృక్షం రాసుకునేవాళ్లలో చాలామంది నాలుగో తరం దగ్గర ఆగిపోతారు. చెప్పగలిగిన పెద్దలు వెళ్లిపోయి ఉంటారు, ఇంట్లో ఉన్న కాగితాలకు చెదలు పట్టి ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు "తెల్లవాళ్ల కాలంలో వీలునామాలను కోర్టులో ప్రొబేటు చేయించేవారు, అక్కడ వెతకండి" అని సలహా ఇస్తారు. ప్రొబేటు అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. ఎంతో ఆశతో వెతుకుతారు, ఏమీ దొరకదు.

అలా వచ్చి అడిగినవాళ్లను నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: మీ ముత్తాతకు ఆ కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం ఏమిటి? అవసరం ఉన్నదో లేదో ఆనాటి చట్టం చెబుతుంది. కాగితం ఎక్కడ ఉండే అవకాశం ఉందో కూడా ఆ చట్టాన్ని బట్టే తేలుతుంది. ఇక్కడ రాస్తున్నది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిన తెలుగు జిల్లాల గురించి. నిజాం రాజ్యంలోని కుటుంబాలకు ఈ చట్టాలు వర్తించలేదు, వారి దారి వేరు.

సమస్య: ప్రొబేటు ఇండెక్సులో మా వాళ్ల పేరే లేదు

కారణం: నూటికి తొంభై సందర్భాల్లో ఉండవలసిన పనే లేదు. మన జిల్లాల్లో హిందూ కుటుంబాలకు మితాక్షర న్యాయం, అంటే ఉమ్మడి ఆస్తి గురించిన పాత హిందూ ధర్మశాస్త్ర పద్ధతి, వర్తించేది. ఉమ్మడి కుటుంబంలో ఒకరు పోతే ఆయన వాటా మిగిలిన మగ దాయాదులకు దానంతట అదే చేరేది. పిత్రార్జితాన్ని వీలునామాతో ఇవ్వడానికి వీలు లేదు, స్వార్జితానికే ఆ స్వేచ్ఛ. అందువల్ల మామూలు రైతు కుటుంబంలో వీలునామా రాసినవారే తక్కువ.

రాసినా, ప్రొబేటు తప్పనిసరి కాదు. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం మన ప్రెసిడెన్సీలో మద్రాసు నగరానికే పరిమితం. నగరంలో రాసిన వీలునామాకు, నగరంలోని స్థిరాస్తికి సంబంధించిన వీలునామాకు మాత్రమే ప్రొబేటు కావలసి వచ్చేది. 1881 చట్టం మిగతా చోట్ల హిందువులకు కూడా ప్రొబేటు కోరుకునే అవకాశం ఇచ్చింది కానీ నిర్బంధించలేదు. ఇంకో సంగతి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. 1927 జనవరి 1కి ముందు నగరం వెలుపల హిందువు నోటిమాటగా చెప్పిన వీలునామా కూడా చెల్లేది. మీ ముత్తాత మంచం చుట్టూ నిలబడ్డవాళ్లకు చెప్పి కన్నుమూసి ఉంటే, కాగితం అన్నదే పుట్టలేదు.

పరిష్కారం: మద్రాసులో ఇల్లు, దుకాణం, వ్యాపారం ఉన్న కుటుంబమైతే చెన్నైలోని హైకోర్టు ఒరిజినల్ సైడు (అప్పీళ్లు కాకుండా నేరుగా వేసిన కేసుల విభాగం) రికార్డుల్లో వెతకండి. వీలునామా మీద తగాదా పడితే అది టెస్టమెంటరీ దావాగా మారుతుంది, కాబట్టి ఆ వరుస కూడా చూడాలి. మద్రాసుతో సంబంధం లేని కుటుంబమైతే ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లండి. వీలునామా రిజిస్టరు చేయించడం ఐచ్ఛికమే అయినా, దాయాదుల భయం ఉన్నవాళ్లు చేయించేవారు. అవి మూడో నంబరు పుస్తకంలో ఉంటాయి. భాగ పంపకాల దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో ఉంటాయి. నన్నడిగితే వంశవృక్షానికి వీలునామా కన్నా పంపకాల దస్తావేజే మేలు. అన్నదమ్ములందరూ, చనిపోయిన అన్న కొడుకులతో సహా, తండ్రి పేరు, వయసు, ఊరు చెప్పుకొని సంతకాలు పెట్టేది అందులోనే.

పోయినవారికి రావలసిన బాకీలుంటే, వాటిని వసూలు చేసుకోవడానికి వారసులు జిల్లా కోర్టులో సర్టిఫికెట్ తీసుకునేవారు. 1860లో ఒక చట్టం, దాని స్థానంలో 1889లో వారసత్వ సర్టిఫికెట్ల చట్టం వచ్చాయి. మీ పూర్వీకులు వడ్డీ వ్యాపారం చేసినవారైతే ఈ వరుసను వదలవద్దు.

క్రైస్తవ కుటుంబాల సంగతి వేరు. 1865 వారసత్వ చట్టం దేశీయ క్రైస్తవులకు వర్తించింది కాబట్టి, జిల్లాల్లో ఉన్నవారి వీలునామాలకు కూడా ప్రొబేటు అవసరమయ్యేది. వీరు జిల్లా కోర్టు ప్రొబేటు రిజిస్టర్లను తప్పక చూడాలి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న మద్రాసు వీలునామాల నకళ్లు ప్రధానంగా ఐరోపా వారివి. హిందూ కుటుంబాల కోసం అక్కడ నెలలు ఖర్చు చేయకండి.

సమస్య: మూడో నంబరు పుస్తకం చూపించడం లేదు

కారణం చట్టంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటో పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చు, మూడో పుస్తకంలో మాత్రం రిజిస్టరింగ్ అధికారే వెతకాలి. వీలునామా రాసినవారు బతికి ఉండగా నకలు ఇతరులకు ఇవ్వరు. పోయిన తరువాత, దరఖాస్తు చేసుకున్న ఎవరికైనా ఇస్తారు. దరఖాస్తులో ఆ సెక్షను పేర్కొని, మరణానికి దొరికిన ఆధారం జతచేసి, వెతకవలసిన సంవత్సరాలను ఐదారుకు మించకుండా రాయండి. "1880 నుంచి 1930 దాకా" అని రాస్తే ఎవరూ వెతకరు.

సమస్య: ఆ జిల్లాలో అలాంటి రికార్డు లేదంటున్నారు

జిల్లా మారిపోయి ఉంటుంది. భీమవరం తాలూకానే తీసుకోండి. 1904 దాకా అది గోదావరి జిల్లా, ఆ తరువాత కృష్ణా జిల్లా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. ఒకే ఇంట్లో తాత, తండ్రి, కొడుకు ముగ్గురి కాగితాలూ మూడు జిల్లాల పేర్ల కింద ఉండవచ్చు. గుంటూరు జిల్లా 1859లో కృష్ణాలో కలిసి, 1904లో మళ్లీ విడిపోయింది. ఒంగోలు 1904కు ముందు నెల్లూరు జిల్లా. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. మదనపల్లె 1911లో చిత్తూరు ఏర్పడే దాకా కడప జిల్లాలో ఉండేది. ఊరి పేరు పక్కన ఏ ఏడాదికి ఏ జిల్లానో ఒక పట్టీ రాసుకున్నాకే బయలుదేరండి.

సమస్య: పేరు ఉన్నట్టే ఉంది, ఇండెక్సులో తగలడం లేదు

గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాశాడు. 1861లో ప్రీవీ కౌన్సిల్ (లండన్‌లోని ఆనాటి చివరి అప్పీలు న్యాయస్థానం) తీర్పు చెప్పిన మచిలీపట్నం కలెక్టరు కేసులో ఎదుటి పక్షం పేరు కావలి వెంకట నారాయణప్ప. ముద్రిత తీర్పులో కావలి, వెంకట అన్న రెండు మాటల్లోనూ 'కె' అక్షరం లేదు, రెండు చోట్లా 'సి' ఉంది. ఈనాటి స్పెల్లింగుతో వెతికితే ఆ పేరు ఎన్నటికీ తగలదు. రావు అన్నది ఆర్-ఓ-డబ్ల్యూగా, నాయుడు నాలుగైదు విధాలుగా కనిపిస్తాయి. ఊళ్లకూ ఇదే గతి: ఏలూరు ఎల్లోర్ అయింది, కాకినాడ కొకనాడ అయింది.

అసలు చిక్కు అక్షరాల కన్నా వరుసలో ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లీషు ఇండెక్సు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. అందుకని ఒకే మనిషిని మూడు చోట్ల వెతకాలి: ఇంటిపేరు కింద, సొంత పేరు కింద, పంతులు, చెట్టి, నాయుడు వంటి చివరి మాట కింద. నేనైతే పేరును వదిలి ఊరి పేరు పట్టుకొని మొత్తం ఏడాది వరుసను చదువుతాను. శ్రమే, కానీ దాటిపోవడం తక్కువ.

సమస్య: తారీఖులు కుదరడం లేదు

ప్రొబేటు ఇచ్చిన తేదీని మరణ తేదీగా రాసుకోవడం అందరూ చేసే పొరపాటు. రెండింటి మధ్య ఏళ్లు గడిచి ఉండవచ్చు. ప్రొబేటు ఉత్తర్వుతో సరిపెట్టుకోకుండా దానికి ఆధారమైన పిటిషను నకలు అడగండి, మరణ తేదీ అందులో ఉంటుంది.

తెలుగు దస్తావేజుల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి. 1300 ఫసలీ అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. ధాత, విరోధి అని సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుందని గుర్తుంచుకోండి. ధాత 1876లో వచ్చింది, రాయలసీమ వాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది ఆ ఏడాది మొదలైనదే. మళ్లీ 1936లో వచ్చింది. స్టాంపు కాగితం మీద రాజుదో రాణిదో ముద్ర ఉంటుంది. విక్టోరియా బొమ్మ ఉంటే 1936 ధాత కాదని అక్కడే తేలిపోతుంది.

సమస్య: "కొడుకు" అని రాశారు, ఇంటిపేరు మాత్రం వేరు

రికార్డు తప్పు అనుకొని పక్కన పడేయకండి. రెండు అవకాశాలున్నాయి. ఒకటి ఇల్లటం. కూతురిని ఇచ్చి అల్లుడిని ఇంట్లో పెట్టుకొని, కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చే ఈ ఆచారాన్ని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో మద్రాసు హైకోర్టు గుర్తించింది. ఇల్లటపు అల్లుడికి ఆస్తి వస్తుంది కానీ ఇంటిపేరు, గోత్రం మారవు. రెండోది దత్తత. ఇక్కడ గోత్రమే మారుతుంది, కానీ పుట్టింటి పేరు కొన్ని కాగితాల్లో మిగిలిపోతుంది. భర్త తన భార్యకు దత్తత చేసుకునే అధికారం వీలునామాలో కాకుండా వేరే పత్రంగా ఇస్తే, 1872 తరువాత దాన్ని రిజిస్టరు చేయించక తప్పదు. అదీ మూడో నంబరు పుస్తకంలోనే ఉంటుంది. నకలు అడిగేటప్పుడు "వీలునామాలు, దత్తతాధికార పత్రాలు" అని రెండూ రాయండి.

సమస్య: వంశవృక్షం దొరికింది, ఆడవాళ్ల పేర్లే లేవు

నాకు మనసు కష్టపెట్టే సమస్య ఇదే. పిల్లలు లేని విధవరాలు పోయాక, భర్త వైపు దాయాదులు ఆస్తి కోసం వేసిన దావాల్లో వంశవృక్షం జతచేసేవారు. ఏడెనిమిది తరాల దాకా చూపిన వృక్షాలు వీటిలో ఉంటాయి. కానీ అవి మగ వారసత్వం రుజువు చేయడానికి గీసినవి. కూతుళ్లు అక్కరలేదు కాబట్టి తీసేశారు. పైగా, ప్రతి పక్షమూ తనకు అనుకూలమైన వృక్షమే గీసింది. ప్రతివాది జవాబులోని వృక్షాన్ని పక్కన పెట్టి పోల్చకుండా ఏదీ నమ్మవద్దు. పాత దావాల కట్టలు చాలావరకు నిబంధనల ప్రకారం నాశనం చేశారు. పూర్తి కట్ట లేదంటే తీర్పు నకలైనా అడగండి, వృక్షం సారాంశం అందులో ఉంటుంది.

కూతుళ్ల కోసం ఒకటో నంబరు పుస్తకంలో పసుపు కుంకుమల కింద భూమి ఇచ్చిన దస్తావేజులు వెతకండి. మా నాన్నమ్మ తల్లి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అందరూ "బందరమ్మ" అనే చెప్పేవారు. ఎకరం ఇరవై సెంట్ల మాగాణి దస్తావేజు నకలు ఒకటి చేతికొచ్చింది. పైన తండ్రి పేరు, వృత్తి, కాపురం. మధ్యలో "నా జ్యేష్ఠ కుమార్తె" అని మా నాన్నమ్మ పేరు, అల్లుడి పేరు, అల్లుడి ఊరు. అడుగున సాక్షుల వ్రాళ్లు. మూడో సాక్షి ఇంటిపేరు ఆ ఊరిది కాదు. ఆయన ఎవరా అని వెతికితే, మా నాన్నమ్మకు మేనమామ అని తేలింది. ఆయన వ్రాలు పక్కనే నిశానీగా నిలువు గీత ఒకటి, దాని కింద కరణం దస్తూరీతో "బాపనమ్మ నిశానీ". బందరమ్మ అసలు పేరు బాపనమ్మ.