యోసెమిటీలో క్యాంప్‌సైట్ కావాలా? 15వ తేదీ పొద్దున్నే లేవాలి

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌కి కారులో టెంటు పెట్టుకుని బయల్దేరాలనుకోగానే అందరూ ముందు రూటు మ్యాపు ముందేసుకుంటారు. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు సైటు దొరకాలి. యోసెమిటీ లోయలో ఉన్న అప్పర్ పైన్స్, లోయర్ పైన్స్, నార్త్ పైన్స్ అనే క్యాంప్‌గ్రౌండ్లకి వేసవిలో బుకింగ్ లేకుండా వెళ్తే వెనక్కి తిరిగి రావడమే.

బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో. ప్రతి నెలా 15న, పసిఫిక్ సమయం ఉదయం 7 గంటలకు, ఐదు నెలల తర్వాతి తేదీలు నెల రోజులవి ఒకేసారి వదులుతారు. జులై 15 నుంచి ఆగస్టు 14 వరకు కావాలంటే ఫిబ్రవరి 15న కూర్చోవాలి. అప్పుడు ఇండియాలో రాత్రి 8:30. వేసవికి వచ్చే అమ్మానాన్నల చేత కూడా అక్కడి నుంచి ఓ ప్రయత్నం చేయించవచ్చు. ఒక్కటే షరతు: ఎవరి పేరున బుక్ అయితే వాళ్లు ఫొటో ఐడీతో స్వయంగా రావాలి.

ఫారం పెద్దదేం కాదు. అకౌంటు ముందురోజే తెరిచిపెట్టుకుని, ఏడుకు ఐదు నిమిషాల ముందే లాగిన్ అవ్వండి. తేదీలు, సైటు ఎంచుకుని కార్ట్‌లో వేస్తే 15 నిమిషాలు మీకోసం ఆగుతుంది. ఆలోగా వివరాలు నింపి డబ్బు కట్టేయాలి. నచ్చిన సైటు కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఏదీ మిగలదు. సైటుకి పిల్లలతో కలిపి ఆరుగురే, కార్లు రెండే. రెండు కుటుంబాలైతే ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు పట్టుకోవడం మేలు.

పార్క్ ఎంట్రీ ఫీజు సైటు అద్దెకి అదనం. 62 ఏళ్లు నిండిన అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు నేషనల్ పార్కుల సీనియర్ పాస్ ఉంటే సైటు అద్దె సగమే. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకు ఇది వర్తించదు.

దొరక్కపోతే నిరాశపడకండి, రద్దయిన సైట్లు మళ్లీ కనిపిస్తూనే ఉంటాయి. రద్దు చేసుకుంటే 10 డాలర్లు పోతాయి. చెప్పకుండా మానేస్తే 20 డాలర్లతో పాటు మొదటి రాత్రి అద్దె కూడా.

సైట్లలో కరెంటు ఉండదు, కాబట్టి రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి. ఎలుగుబంట్ల భయం వల్ల ఆవకాయ సీసా నుంచి టూత్‌పేస్టు దాకా వాసన వచ్చేదేదైనా సైటులోని ఇనుప లాకర్‌లోనే పెట్టాలి. రాత్రిపూట కారులో ఉంచకూడదు.

తూర్పు వైపు తియోగా రోడ్డు మీదుగా దిగాలనుకుంటే ఆ దారి 9,943 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది. మంచు వల్ల సుమారు నవంబరు నుంచి మే చివరి దాకా, ఒక్కో ఏడాది జూన్ దాటినా, మూసే ఉంటుంది.