అనబాప్టిస్టుల అణచివేతపై సెమినార్ పత్రం రాసే విధానం

తిరుపతిలో ఎం.ఏ. చరిత్ర చదివే విద్యార్థులు ఈ అంశాన్ని తీసుకున్నప్పుడు చాలామంది మతసిద్ధాంతంతో మొదలుపెట్టి, పేజీలన్నీ అక్కడే ఖర్చు చేస్తారు. మీరు ప్రభుత్వంతో మొదలుపెట్టండి. తెలిసి విశ్వసించిన పెద్దవారికే బాప్తిస్మం ఇవ్వాలన్న అనబాప్టిస్టుల మాట 16వ శతాబ్దపు ఐరోపా పాలకులకు నేరంగా ఎందుకు తోచిందో వివరించడమే ఈ పత్రం చేయవలసిన పని.

మన ఊళ్లోనే కేంద్రం ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చిలో నేటికీ పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. ఇప్పించాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఇష్టం. కానీ 16వ శతాబ్దంలో స్విస్ నగరమైన జ్యూరిక్‌లో బిడ్డ చర్చిలో చేరడమూ, నగర సమాజంలో చేరడమూ ఒక్కటే. అందుకే 1525 జనవరిలో నగర మండలి, ఎనిమిది రోజుల్లోగా బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించనివారిని వెళ్లగొడతామని ఆజ్ఞాపించింది. అదే నెల 21న కాన్రాడ్ గ్రేబెల్, పెద్దవాడైన జార్జ్ బ్లావ్‌రాక్‌కు మళ్లీ బాప్తిస్మం ఇచ్చాడు. 1527 ఫిబ్రవరిలో ష్లైట్‌హైమ్‌లో అనబాప్టిస్టులు ఒప్పుకున్న ఏడు నియమాలను కూడా తప్పక చదవండి. ప్రమాణం చేయరాదు, ఖడ్గం పట్టరాదు అన్నవి వాటిలో ఉన్నాయి. పౌరులంతా ఏటా ఒకచోట చేరి విధేయతా ప్రమాణం చేసే నగరాలకు, బాప్తిస్మం కన్నా ఈ రెండే ఎక్కువ గుబులు పుట్టించాయని నా అభిప్రాయం.

తర్వాత తేదీలను వరుసగా రాసుకోండి. ఈ పనిని మాత్రం వదలవద్దు. 1526 మార్చిలో జ్యూరిక్, మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారిని నీట ముంచి చంపాలని నిర్ణయించింది. 1527 జనవరి 5న అనబాప్టిస్టు నాయకుడు ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మట్ నదిలో ముంచారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే స్వర్ణముఖిని చూస్తూ పెరిగిన మన శ్రోతలకు, సరస్సు నుంచి వచ్చి నగరం నడిబొడ్డున పారే ఆ నదిని ముందుగా వర్ణించండి. ఆ శిక్ష చాటుగా జరిగినది కాదని అప్పుడే తెలుస్తుంది. అదే ఏడాది మే నెలలో జర్మనీలోని రాటెన్‌బర్గ్‌లో మరో నాయకుడు మైకేల్ శాట్లర్ నాలుక కోసి, అతణ్ని సజీవ దహనం చేశారు. భార్య మార్గరెతాను నెకర్ నదిలో ముంచారు. 1529లో స్పైయర్‌లో కూడిన సామ్రాజ్య సభ నుంచి ఐదో చార్లెస్ చక్రవర్తి పేర వెలువడిన శాసనం, మతాధికారుల విచారణ అవసరం లేకుండానే అనబాప్టిస్టులకు మరణశిక్ష విధించమంది. జర్మనీలోని మున్‌స్టర్ నగరం అనబాప్టిస్టుల చేతికి వచ్చింది 1534లో. అక్కడి హింసను చూశాకే ప్రభుత్వాలు కఠినమయ్యాయని ఎవరైనా రాస్తే, ఈ వరుస ముందు ఆ వాక్యం నిలవదు. మున్‌స్టర్ వల్ల అణచివేత పెరిగిన మాట నిజమే గాని, చట్టాలు అంతకు ముందే పుట్టాయి.

అన్ని ప్రభుత్వాలనూ ఒకే గాట కట్టవద్దు. జర్మనీలోని హెస్సె పాలకుడు ఫిలిప్, విశ్వాసం కోసం ఎవరినీ చంపడానికి ఒప్పుకోలేదు.

ఆధారాల విషయంలో రెండింతల జాగ్రత్త అవసరం. విచారణ పత్రాల్లో నీకు బాప్తిస్మం ఎవరిచ్చారు, ఎక్కడ కూడారు, ఇంకెవరున్నారు అన్న ప్రశ్నలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. చిత్రహింసలో రాబట్టిన జవాబు కన్నా, అధికారి భయాన్ని బయటపెట్టే ఆ ప్రశ్నే మీకు ఎక్కువ చెబుతుంది. 1660లో డచ్ భాషలో వెలువడిన హతసాక్షుల గ్రంథం విశ్వాసులను నిలబెట్టడానికి కూర్చినది. తనను తరుముతూ మంచు పగిలి నీళ్లలో పడినవాణ్ని వెనక్కి వచ్చి కాపాడి, పట్టుబడి, 1569లో సజీవ దహనమైన డిర్క్ విలెమ్స్ కథ అందులో ఉంది. దాన్ని కదిలిపోతూ చదవండి, కానీ ఏ ఉద్దేశంతో రాశారో కూడా పత్రంలో చెప్పండి.

పత్రాన్ని 1614లో, జ్యూరిక్‌లో అనబాప్టిస్టు హన్స్ లాండిస్ శిరచ్ఛేదంతో ముగించవద్దు. ఆ నగరంలో మరణశిక్షలు అక్కడితో ఆగాయి గాని, మరో స్విస్ నగరమైన బెర్న్ ప్రభుత్వం 1659లో అనబాప్టిస్టుల కోసమే ఒక ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. చెరసాల, ఆస్తుల జప్తు, దేశబహిష్కారం ఆ తర్వాత కూడా సాగాయి. చివరి రెండు పేజీలు వాటికి కేటాయించండి.