బాపట్ల నుంచి బందరుకు సైకిల్‌పై వెళ్లేవారికి: ఉదయం 10 గంటలకు ఆగిపోండి

గత ఆదివారం ఉదయం 11 గంటల వేళ, పులిగడ్డ దాటి బందరు వైపు సాగుతుండగా, మా బృందంలోని ఒక మిత్రుడు సైకిల్ దిగి, హెల్మెట్ తీయమంటే చేతి గ్లవ్స్ తీస్తూ, తాను ఏ ఊళ్లో ఉన్నదీ చెప్పలేక రోడ్డు పక్కన నిలబడిపోయారు. అది వడదెబ్బ. ఆయన కొత్తవారు కాదు. వారానికి రెండుసార్లు గండిపేట చుట్టి వచ్చేవారు, ఎన్నోసార్లు అనంతగిరి కొండలు ఎక్కినవారు. ఎదురింటివారు బిందెలతో నీళ్లు పోసి, తువ్వాళ్లతో విసిరారు కాబట్టి రెండు రోజుల ఆసుపత్రితో గండం గడిచింది. ఉగాది సెలవుల్లో హైదరాబాదు నుంచి మరికొందరు ఇదే దారిలో వెళ్లబోతున్నారని తెలిసి ఇది రాస్తున్నాను. పంక్చరు సామాను, లైట్ల సంగతి మీకు తెలిసిందే కనుక వాటి జోలికి పోను.

బాపట్లలో రైలు దిగి 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, రేపల్లె మీదుగా పెనుమూడి–పులిగడ్డ వారధిపై కృష్ణ దాటి మచిలీపట్నం చేరడానికి సుమారు 80 కిలోమీటర్లు. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి ప్రధానమైన రేవు, 1611లో ఇంగ్లీషువారు వర్తక స్థావరం పెట్టుకున్న పట్టణం కాబట్టి హైదరాబాదువారికి ఆ ఊరి మీద మక్కువ సహజమే. దారంతా చదును కావడం వల్ల నాలుగున్నర గంటల పనే అనిపిస్తుంది. ఆ లెక్క హైదరాబాదు లెక్క.

మన ఎండ పొడి ఎండ. ఒంటికి పట్టిన చెమట వెంటనే ఆరుతుంది, ఆరుతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. కోస్తాలో గాలి నిండా తేమ ఉండడం వల్ల చెమట ఆరకుండా కారిపోతుంది. అలా కారిన చెమట నీటిని, ఉప్పును తీసుకుపోతుందే తప్ప వేడిని తగ్గించదు. దీనికి తోడు మనం వెళ్లేది ఈశాన్యానికి, వేసవిలో అక్కడ వీచేది ఎక్కువగా దక్షిణ, నైరుతి గాలి. వెనక నుంచి తోసే ఆ గాలి వేగం, మన సైకిల్ వేగం దాదాపు ఒకటైతే ఒంటికి గాలే తగలదు. కిటికీలు మూసిన గదిలో, ఉక్కపోతలో గంటలకొద్దీ తొక్కుతున్నట్లే. వేగం బాగా వస్తోందన్న సంతోషంలో ఈ సంగతి ఎవరికీ తట్టదు.

నేను చూసినంతలో మనుషులను పడగొట్టిన తప్పు ఒక్కటే: 10 గంటలకు ఆగకపోవడం. రైలు ఆలస్యమై 6 గంటలకు బదులు 7 గంటలకు బయలుదేరినవారు వారధి దాటేసరికి 10 అవుతుంది. అప్పుడు బందరుకు మిగిలేది 30 కిలోమీటర్లు. "ఇంకెంత, గంటన్నరే కదా" అన్న మాట అక్కడే వస్తుంది. మా మిత్రుడూ అదే అన్నారు. నేనూ సరేనన్నాను, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఎంత మిగిలినా, 5 కిలోమీటర్లే మిగిలినా, 10 గంటలకు నీడ చూసుకుని ఆగండి. సాయంత్రం 4 తరువాత, పైరగాలి తిరిగాక బయలుదేరండి, లేదా ట్రాలీ ఆటోలో సైకిళ్లు వేసుకుని వెళ్లండి.

నీళ్ల విషయంలో ఒక హెచ్చరిక. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలుచబడి అది కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టును లీటరు నీటిలోనే కలపాలి, సీసాకు సరిపడలేదని అర లీటరులో కలపకూడదు. కొబ్బరి బోండంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ కాబట్టి దాని ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న గింజల మీదుగా తొక్కవద్దు; చక్రం జారుతుంది. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు.

రొయ్యల లారీల నుంచి నీరు కారిన చోట బ్రేకు గట్టిగా నొక్కవద్దు.

వారధి మీద ఫోటోల కోసం ఆగవద్దు. నీడ లేదు.

చివరి మనిషిని ఒంటరిగా వదలవద్దు. పడేది ఆయనే.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

ముందు రోజు రాత్రి మద్యం వద్దు. జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గిన వారంలో అసలు వెళ్లవద్దు.

అడిగినదానికి పొంతన లేని జవాబు వచ్చినా, మనిషి తూలినా వడదెబ్బేనని అనుకోండి. చెమట పోస్తున్నది కదా అని కొట్టిపారేయవద్దు.

నోట్లో నీళ్లు పోయవద్దు. జ్వరం మాత్ర ఇవ్వవద్దు. ఒక్కరు 108కి ఫోన్ చేయండి, మిగతావారు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. అంబులెన్సు వచ్చేదాకా తడపడం ఆపవద్దు.

ట్రాలీ ఆటోకు సరిపడా నగదు బయలుదేరేటప్పుడే విడిగా పెట్టుకోండి.