మృగశిర రాకముందే టార్చ్ సంగతి చూసుకోండి

రెండేళ్ల కింద నేనే ఒక టార్చ్ బిగించుకున్నాను. ఎల్‌ఈడీకి దాదాపు మూడు ఆంపియర్ల కరెంటు ఇచ్చాను. వేస్తే నాలుగు మళ్ల అవతలి తుమ్మచెట్టు కనిపించేది. ఊరందరికీ చూపించుకున్నాను కూడా. వానాకాలంలో ఒక రాత్రి మోటార్ ఆగిందని బోరు దాకా పోయి స్టార్టర్ డబ్బా మూత తెరిచానో లేదో, లైటు మిణుకుమని ఆరిపోయింది. ఒడ్డు మీద గడ్డి మోకాలెత్తు. ఫోన్ లైటుతో ఇల్లు చేరేసరికి ఒళ్లంతా చెమటలు.

మాది నల్లగొండ జిల్లా. 24 గంటల కరెంటు వచ్చాక రాత్రిపూట పొలానికి పోవడం తగ్గింది కానీ, ఫ్యూజు పోయినా ఒడ్డు తెగినా పోక తప్పదు. జూన్ 8 అటూఇటూ మృగశిర. తొలకరికి బొరియల్లో నీళ్లు నిండితే పాములు బయటికొస్తాయి. కట్లపాము తిరిగేదే రాత్రి.

నడకకు కావాల్సింది దూరం కాదు, పది అడుగుల మేర కాళ్ల ముందు పరుచుకునే వెలుగు. నున్నటి రిఫ్లెక్టర్ (ఎల్‌ఈడీ చుట్టూ ఉండే మెరిసే గిన్నె) బల్లెంలా ఒక్కచోట పొడుస్తుంది, పక్కన ఏముందో తెలియదు. నారింజ తొక్కలా గరుకుగా ఉన్నది తీసుకోండి. తెల్లటి 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) ఎల్‌ఈడీ బదులు కాస్త పసుపు ఛాయ ఉండే 4000 ప్రాంతంలోది పెట్టండి. ఎర్రమట్టి మీద రక్తపింజర రంగు విడిగా తెలుస్తుంది, చినుకుల్లో కళ్లకు కొట్టదు. టార్చ్‌ను నడుము కిందికి పట్టుకోండి. నీడలు పొడుగ్గా పడి పుల్ల ఏదో, పాము ఏదో తేలుతుంది. తలకు కట్టుకునే లైటుతో ఆ నీడలు కనపడవు, అది స్టార్టర్ దగ్గర పనికే బాగుంటుంది.

ఇక లెక్క. 2600 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) సెల్ రెండున్నర ఆంపియర్లకు గంట వస్తుంది, అర ఆంపియర్‌కు ఐదు గంటలు. వెలుగు ఐదో వంతుకు పడుతుందని భయపడకండి, కంటికి సగం తగ్గినట్టే ఉంటుంది. అదే రిఫ్లెక్టర్‌తో రెండింతల దూరం కావాలంటే మాత్రం వెలుగు నాలుగింతలు కావాలి. అందుకే స్విచ్ నొక్కగానే ముందు తక్కువ వెలుగు వచ్చే డ్రైవర్ (ఎల్‌ఈడీకి ఎంత కరెంటు పోవాలో చూసే చిన్న సర్క్యూట్) పెట్టుకోండి. సెల్ మూడు వోల్టుల దగ్గరికి దిగితే అదే ఆపేసేదై ఉండాలి.

18650 సెల్ (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవుండే లిథియం సెల్) మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే కొనకండి, అంత పట్టే సెల్ ఆ సైజులో లేదు. అసలుది 45 గ్రాముల దాకా తూగుతుంది. నాకు అంటగట్టినది కాటా మీద పెడితే 30 కూడా లేదు! సొట్ట పడినవి, తొడుగు చిరిగినవి వాడొద్దు. రాత్రంతా చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. జేబులో తాళాలతో కలిపి వేస్తే షార్టై కాలుతుంది, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టండి.

ఎక్కువ కరెంటు ఇస్తే ఎల్‌ఈడీ వేడెక్కి వెలుగు తగ్గుతుంది. ప్లాస్టిక్ బాడీ ఆ వేడిని బయటికి పంపదు, అల్యూమినియందే నయం. మూత దగ్గరి రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాస్తే వాన నీళ్లు లోపలికి పోవు.

అన్నీ బిగించాక ఒక సాయంత్రం ఫుల్ చార్జ్ చేసి, నడిచేటప్పుడు వాడే వెలుగులోనే ఇంట్లో వదిలేయండి. ఎన్ని గంటలకు ఆరిందో మార్కర్‌తో సెల్ మీదే రాసుకోండి. నా సెల్ మీద ఇప్పుడు ‘4.40’ అని ఉంది.