బయానా కాగితంలో షరతులు

నల్లగొండ, పాలమూరు వైపు భూమి కొంటూ బయానా (ముందుగా ఇచ్చే అడ్వాన్సు) ఇస్తున్నారా? ‘మిగతా పైకం త్వరలో చెల్లించగలవాడను’ అని రాస్తే అది షరతే కాదు, తేదీ వేయించండి. గడువు తప్పితే బయానా పోతుందా, వాపసొస్తుందా అన్నదీ రాయాలి. ‘గడువే ముఖ్య షరతు’ అని విడిగా రాయకపోతే భూమి అమ్మకంలో కొద్దిపాటి ఆలస్యాన్ని కోర్టు మామూలుగా పట్టించుకోదు.

ధర గుంట లెక్కన పెట్టండి (ఎకరం 40 గుంటలు), సర్వే కొలతలో తేలిన విస్తీర్ణానికే అని చేర్చండి. పాసుబుక్కులో ఉన్నంత భూమి మోకా మీద (అసలు స్థలంలో) ఉండకపోవచ్చు, గొడవలు ఎక్కువగా అక్కడే.

అమ్మినవాళ్లు రిజిస్ట్రేషన్‌కు రాకుంటే దావా వేయడానికి ఆ గడువు తేదీ నుంచి 3 ఏళ్లే. గడువు పెంచుకుంటే నోటిమాటతో సరిపెట్టొద్దు. కాగితం వెనకే రాసి, సాక్షుల ముందు ఇద్దరూ సంతకాలు చేయండి.