ఏడాది బిడ్డను తూచడం, తినిపించడం

మొదటి పుట్టినరోజు దాటిన పిల్లల తల్లులు మా అంగన్‌వాడీ కేంద్రానికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. "టీచరమ్మా, మొన్నటిదాకా బాగా తినేవాడు. ఇప్పుడు ముద్ద ముట్టడం లేదు, బరువు ఆగిపోయింది."

చాలాసార్లు ఆగిపోయి ఉండదు, నెమ్మదించి ఉంటుంది. ఏడాది నిండేసరికి బిడ్డ పుట్టినప్పటి బరువుకు ఇంచుమించు మూడింతలవుతుంది. రెండో ఏడాది మొత్తంలో పెరిగేది రెండున్నర కిలోలే, అంటే నెలకు సుమారు 200 గ్రాములు. పొడవు మాత్రం ఆ ఏడాదిలో 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అందుకే నడక వచ్చిన పిల్లలు బుగ్గలు తగ్గి, చిక్కిపోయినట్టు కనిపిస్తారు. ఈ వయసులో కంటితో చూసి తేల్చడం కుదరదు, తూచాల్సిందే.

తూచడం

నెలకు 200 గ్రాముల తేడా పట్టుకోవాలంటే తూకం సరిగ్గా ఉండాలి. తడిసిన డైపరు ఒక్కటి చాలు, ఆ తేడాను మింగేయడానికి. డైపరు తీసేయండి, వెండి మొలతాడు, కాళ్ల కడియాలు తీసేయండి. దిష్టి తాడు ఉంచుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు, దారానికి బరువేమీ ఉండదు. వేలాడదీసే త్రాసైతే ముందు ఖాళీ జోలె తగిలించి ముల్లు సున్నా మీదికి తేవాలి. బిడ్డ కాళ్లు ఆడిస్తుంటే ముల్లు ఊగుతుంది. అది నిలిచేదాకా ఆగి, ముల్లుకు ఎదురుగా కన్ను పెట్టి చదవాలి. కింద నుంచి చూస్తే ఒక అంకె, పై నుంచి చూస్తే మరో అంకె కనిపిస్తాయి.

ఇంట్లో మనిషి నిలబడే డిజిటల్ త్రాసు ఉంటే ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత బిడ్డను ఎత్తుకుని ఎక్కండి. తేడాయే బిడ్డ బరువు. అయితే ప్రతి నెలా అదే త్రాసు వాడాలి. ఈ నెల కేంద్రంలో, వచ్చే నెల మందుల దుకాణంలో తూచి రెండు అంకెలూ పోల్చుకుంటే అనవసరపు ఏడుపే మిగులుతుంది.

రెండేళ్ల లోపు పిల్లల పొడవును పడుకోబెట్టి కొలవాలి. ఇద్దరు మనుషులు కావాలి. తల గోడకు ఆనించి ఒకరు పట్టుకుంటే, రెండోవారు మోకాళ్లు మెల్లగా నొక్కి, పాదాలకు అట్ట పుస్తకం నిటారుగా ఆనించి నేల మీద గుర్తు పెట్టాలి. మూడు నెలలకోసారి చాలు.

కార్డు చదవడం

మన తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఉన్న పెరుగుదల పటం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల మీద తయారైంది. మగపిల్లలకూ ఆడపిల్లలకూ పటాలు వేరు, చూసుకోండి. వాటి ప్రకారం ఏడాది నిండిన మగపిల్లాడి మధ్యస్థ బరువు (సగం మంది పిల్లలు దీనికన్నా ఎక్కువ, సగం మంది తక్కువ ఉండే బరువు) 9.6 కిలోలు, ఆడపిల్లది 8.9. మగపిల్లాడు 7.7 కన్నా, ఆడపిల్ల 7 కిలోల కన్నా తక్కువుంటే తక్కువ బరువు కింద లెక్క. పొడవు మధ్యస్థంగా మగపిల్లలకు 76, ఆడపిల్లలకు 74 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు వయసులోంచి తీసేసి చూడాలి.

మధ్యస్థ బరువు అంటే ప్రతి బిడ్డా అందుకోవాల్సిన మార్కు కాదు. ప్రతి నెలా బరువును పటం మీద చుక్కగా పెట్టి, చుక్కలు కలిపితే బిడ్డ గీత వస్తుంది. ఎనిమిదిన్నర కిలోలున్న పిల్లాడు నెల నెలా తన గీత వెంట పైకి పోతుంటే నాకు దిగులు లేదు. పది కిలోల పిల్లాడి గీత రెండు నెలలుగా అడ్డంగా పాకుతుంటే మాత్రం ఆ ఇంటికి వెళ్లి వంటగదిలో కూర్చుంటాను. చుక్కలు కలిపి గీత గీయకపోతే ఆ కార్డు వల్ల ప్రయోజనం లేదు. పక్కింటి పిల్లాడి బరువు ఆ పటంలో ఎక్కడా ఉండదు కాబట్టి దాన్ని వదిలేయండి.

ఒక నానమ్మ నాతో వాదించింది. "వీళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే సన్నం టీచరమ్మా."

"సన్నమైతే పరవాలేదు పెద్దమ్మా. పోయిన నెల కన్నా 300 గ్రాములు తగ్గాడు కదా, అది వాళ్ల నాన్న పోలిక కాదు."

కదిపి అడిగితే విరేచనాలు పట్టుకున్నాయని, పళ్లు వస్తున్నాయిలే అని ఊరుకున్నామని తేలింది. పళ్లొస్తే చిగుళ్లు సలపవచ్చు, చొంగ కారవచ్చు. విరేచనాలకు పళ్లు కారణం కాదు. ఓఆర్ఎస్ పట్టాలి, డాక్టరు చెప్పినట్టు 14 రోజులూ జింకు ఇవ్వాలి, తిండి ఆపకూడదు. తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.

తినిపించడం

తొమ్మిది కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది పావు లీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ చోటును చారు నీళ్లతో నింపితే బిడ్డకు కడుపు నిండుతుంది, ఒంటికి ఏమీ అందదు. మా ఊళ్లో బరువు పెరగని పిల్లల ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది పేదరికం కన్నా ముందు పల్చటి చారన్నమే. అరగదేమోనని భయం. ముద్దపప్పు అరుగుతుంది, ఉడికించిన గుడ్డు అరుగుతుంది.

చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి అన్నం. రెండు గుప్పిళ్ల బియ్యానికి ఒక గుప్పెడు పెసరపప్పు, తరిగిన క్యారెట్టో గుమ్మడి ముక్కో, చారెడు మునగాకు వేసి మెత్తగా ఉడికించి, గరిటెతో మెదపండి. మిక్సీ వద్దు, ఏడాది బిడ్డ నమలడం నేర్చుకోవాలి. దించాక గిన్నెకు ఒక చెంచా నెయ్యి. ఆ చెంచాడే 45 కేలరీలిస్తుంది, పొట్టలో చోటు తినదు. పావు లీటరు కప్పుకు ముప్పావు నుంచి నిండా, రోజుకు మూడు నాలుగు పూటలు, మధ్యలో అరటిపండో పెరుగో ఒకటి రెండుసార్లు. తల్లిపాలు రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వవచ్చు.

బాలామృతం ప్యాకెట్టు బిడ్డ కోసం ఇస్తాం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. నెలకు రెండున్నర కిలోలు. దాన్ని లడ్డూలు చుట్టి ఇంటిల్లిపాదీ తినేసి, నెలాఖరున బిడ్డ పెరగలేదని వస్తే నేనేం చేయగలను?

ఆవు పాలు, గేదె పాలు రోజుకు అర లీటరు మించనివ్వకండి. పాలతో కడుపు నింపుకున్న బిడ్డ అన్నం తినదు, పాలలో ఐరన్ దాదాపు లేదు, రక్తం తగ్గుతుంది. టీ, బిస్కెట్లు అసలే వద్దు. బొద్దుగా ముద్దొస్తున్నాడని చాక్లెట్లు, తీపి పానీయాలు అలవాటు చేసే ఇళ్లకూ ఇదే మాట. వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్ష గొంతుకు అడ్డుపడతాయి, పొడి చేసో చీల్చో పెట్టండి.

నోరు తిప్పేసుకుంటే బలవంతం చేయకండి. గిన్నె పక్కన పెట్టి కాసేపాగి మళ్లీ చూపించండి. అరగంటకు మించి కూర్చోబెట్టవద్దు. ఫోను చూపిస్తూ నోట్లో కుక్కితే ఎంత తిన్నదీ బిడ్డకే తెలియదు.

రెండు నెలలు వరుసగా బరువు పెరగకపోయినా, పటంలో గీత ఆకుపచ్చ పట్టీ నుంచి పసుపులోకి జారినా డాక్టరుకు చూపించండి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపు, అంటే జబ్బ కొలిచే టేపు ఎరుపు చూపినా, రెండు పాదాలూ వాచి వేలితో నొక్కితే గుంట పడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పోషకాహార పునరావాస కేంద్రం, అంటే బాగా చిక్కిపోయిన పిల్లలను చేర్చుకుని వైద్యం, తిండి ఇచ్చే చోటు ఉన్న ప్రభుత్వాసుపత్రి ఏదో మీ ఆశా కార్యకర్తకు తెలుసు.

16 నెలలు దాటాక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టరు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) రెండో డోసు, విటమిన్ ఎ ఉంటాయి. ఆ రోజు కార్డు తప్పకుండా తెచ్చి బరువుతో పాటు పొడవు కూడా రాయించుకోండి.