మట్టగిడసను ఇంట్లో పెంచుదాం – మూడో పాఠం: పట్టకారు దగ్గరికి రప్పించడం

కిందటి రెండు పాఠాల్లో ట్యాంక్, మూత సంగతి చూశాం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంక్‌లో పైన మూడంగుళాలు ఖాళీ వదిలితే దాదాపు 160 లీటర్ల నీళ్లు పడతాయి, ఒక్క మట్టగిడసకు (కొర్రమీను జాతిలోనే చిన్న చేప) అవి చాలు. ఆ ఖాళీ ఎందుకో మళ్లీ ఒకసారి చెప్తాను. ఈ చేపకు మొప్పలొక్కటే సరిపోవు, పైకొచ్చి గాలి మింగాలి, ఆ గాలి అందకపోతే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. మూత మీద బరువు పెట్టారు కదా? నా మొదటి చేప ఫిల్టర్ పైపు కోసం వదిలిన సందులోంచి రాత్రిపూట దూకేసింది. తెల్లారి ఫ్రిజ్ కింద దుమ్ము అంటుకుని కనిపించింది, ఒళ్లు ఇంకా తడిగా ఉండబట్టి బతికింది. ఆ సందుకు ఇవాళే స్పాంజి కుక్కండి.

ఇక మేత. ఈ చేపను తెచ్చుకున్నవాళ్లలో చాలామంది మొదట చేసేది, బతికున్న చిన్న చేపల్ని ట్యాంక్‌లో వదిలి అది వేటాడుతుంటే చూడటం. దయచేసి ఆ పని చేయకండి. చవగ్గా దొరికే గోల్డ్‌ఫిష్ పిల్లలు తెల్లమచ్చల రోగాన్నీ పురుగుల్నీ వెంటబెట్టుకుని వస్తాయి. పైగా గోల్డ్‌ఫిష్ మాంసంలో బీ1 విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, రోజూ అదే మేతయితే మీ చేప లోపల్లోపలే చిక్కిపోతుంది. వేట చూడాలని ఉంటే పట్టకారు చివర కూడా చూడొచ్చు, ఇంకా దగ్గరగా చూడొచ్చు.

కొత్త ఇంట్లో మొదటి రెండు మూడు రోజులు ఏమీ వేయకండి. నాలుగంగుళాలు దాటిన ఆరోగ్యమైన చేప వారం పస్తున్నా ఏమీ కాదు, కాబట్టి అది తినట్లేదని టెన్షన్ పడి నాలుగు రకాలు ఒకేసారి వేసేయకండి, తినని ముక్క కుళ్లితే నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది, అసలు ప్రమాదం ఆకలి కాదు, అదీ. రెండంగుళాల లోపు పిల్లల సంగతి వేరు, వాటిని మాత్రం పస్తుంచొద్దు.

నాలుగో రోజు సాయంత్రం, గదిలో లైటు తగ్గించి, ఒక వానపామును పట్టకారుతో పట్టుకుని నీళ్లలోకి దించండి. మందులు కొట్టని మట్టిలోంచి తీసిన వానపామే వాడండి. ఇప్పుడు చేప ముఖం చూడండి. ముందు రెక్కలు విసనకర్రల్లా మెల్లగా ఆడుతుంటాయి, ఒళ్లు కదలదు, కళ్లు మాత్రం అటే తిరుగుతాయి, నడుము కొంచెం వంకర తిరుగుతుంది, ఆ తర్వాత మీకు కనపడేది ఏమీ ఉండదు, పట్టకారు ఖాళీ. ఆ వేగానికి మొదటిసారి నా చేయి దానంతటదే వెనక్కి వచ్చేసింది. మీరు అలా లాగొద్దు, చేప బెదిరి అద్దానికి మూతి కొట్టుకుంటుంది.

నాలుగైదు సార్లు ఇలా తిన్నాక వానపాము బదులు రొయ్య. తల, పొట్టు, వీపు మీది నల్ల నరం తీసేసి, చిటికెన వేలి గోరంత ముక్క కోసి, వానపాము మెలికలు తిరిగినట్టు పట్టకారును సన్నగా ఆడించండి. పది నిమిషాల్లో తీసుకోకపోతే ముక్క బయట పడేసి, మర్నాడు మళ్లీ. ఇక్కడే ఓపిక కావాలి. మా చేప ఆరు రోజులు ముక్కను చూసి తల తిప్పేసుకుంది, ఏడో రోజు గబుక్కున మింగింది. రొయ్యతోనే ఆగిపోకండి, దాన్లో కూడా ఆ ఎంజైమ్ సమస్య ఉంది. మునిగే రకం పెల్లెట్‌ను (మేత గుళికను) రొయ్య నీళ్లలో ఒక నిమిషం నానబెట్టి, రొయ్య ముక్కల మధ్య ఒకటి ఇస్తూ, మెల్లగా పెల్లెట్లు పెంచి రొయ్య తగ్గించండి. పెద్దదయ్యాక రోజు విడిచి రోజు చాలు, పొట్ట కాస్త నిండుగా కనపడగానే ఆపేయాలి.

కొర్రమీను పిల్లను ఇలాగే పెంచొచ్చా అని అడుగుతుంటారు. మృగశిర కార్తె రోజుల్లో ఈ ప్రశ్న మరీ ఎక్కువ. తెలంగాణ రాష్ట్ర చేప అదే కాబట్టి ఇష్టం ఉండటం సహజం, కానీ అది రెండడుగులు దాటే చేప, ఇంట్లో ట్యాంక్‌కు పట్టదు, వద్దు. అమెరికాలో ఉన్నవాళ్లయితే అసలు ఈ జాతి చేపలేవీ తెప్పించుకోకండి, 2002 నుంచి అక్కడ వీటి దిగుమతి నిషేధం.

వచ్చే పాఠంలో నీళ్లు మార్చడం. ఈలోపు ఏ రోజు ఏం చూపించారో, తిందో లేదో, ఎన్ని నిమిషాలు పట్టిందో ఒక కాగితం మీద రాసి ట్యాంక్ పక్కనే అంటించుకోండి.